పాత పైపులు మార్చాలా, ఉంచాలా? 3వ పాఠం: బకెట్ పరీక్ష తర్వాత

పోయిన పాఠంలో బకెట్ పరీక్ష, అంటే నీళ్ల ధార ఎంతుందో తెలియడానికి బకెట్ నిండే సమయం కొలవడం, చెప్పి తప్పు చేశానేమో. పది లీటర్లు నిండడానికి నాలుగు నిమిషాలు పట్టింది, గోడలు పగలగొట్టించేయమంటారా అని అందరూ ఒకటే టెన్షన్. ఆగండి. కుళాయి విప్పేసి, ఉత్త పైపు దగ్గర బకెట్ పెట్టాలి; ఆ ముక్క నేను రాయలేదు. అది తెలిసిందే కదా అనుకున్నాను.

కుళాయి మూతిలో జాలీ ఉంటుంది. ఒంగోలు వైపు బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఆ జాలీకి తెల్లగా సున్నం పట్టేస్తుంది. ఒక రాత్రి నిమ్మరసంలో నానేస్తే వదులుతుంది. దీనికి ఇంతకంటే రాయను.

నాకు ఒళ్లు మండేది గేట్‌వాల్వ్‌తో. ట్యాంకు కింద గుండ్రటి చక్రం ఉంటుందే, అదే. లోపల ఇత్తడి పలక పైకీ కిందికీ కదలాలి. ఏళ్లు గడిచాక కాడ అరిగి పలక దాన్నుంచి ఊడిపోతుంది. మీరు చక్రం తిప్పుతారు, కాడ పైకొస్తుంది, పలక మాత్రం కిందే ఉండిపోతుంది. చూస్తే వాల్వ్ తెరిచినట్టే ఉంటుంది. కావలిలో మా పిన్ని వాళ్లు ఇలాగే బాత్రూం టైల్స్ పగలగొట్టించి లైనంతా మార్పించారు. ధార మారలేదు. చివరికి మేడెక్కి చూస్తే వాల్వ్! ఆ టైల్స్ రంగు మళ్లీ దొరకలేదు, ఇప్పటికీ ఆ గోడ అతుకులబొంతే.

అందుకే ధార ఎప్పుడు తగ్గిందో గుర్తు తెచ్చుకోండి. రాత్రికి రాత్రి, ఆ లైన్లో అన్ని కుళాయిలకూ తగ్గిందా? ముందు వాల్వ్‌ని అనుమానించండి. ఒక్క కుళాయికే అయితే జాలీ. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తగ్గుతూ వస్తే అప్పుడు పైపు. వాల్వ్ పాడైతే నేను బాగు చేయించను, బాల్ వాల్వ్ పెట్టించేస్తాను. పిడి పైపు వెంట ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. ఎవరినీ అడగక్కర్లేదు.

ఇంకొకటి. పది మీటర్ల ఎత్తు నీటికి ఒక కిలో ప్రెషర్ (చదరపు సెంటీమీటరుకి). ట్యాంకు మీ షవర్‌కి పైన రెండు మీటర్లే ఉంటే వచ్చేది 0.2 కిలో. కొత్త పైపు వేసినా షవర్ అలాగే ఏడుస్తుంది. పాత జీఐ (జింకు పూత వేసిన ఇనుప పైపు) లైనుకి ప్రెషర్ పంపు తగిలిస్తే మాత్రం తుప్పు పట్టిన జాయింట్లు కారడం మొదలుపెడతాయి.

ఇవన్నీ చూశాకే కోత. బయటికి కనిపించే చోట జీఐ పైపు అర అడుగు కోయించి లోపలికి చూడండి. అరంగుళం పైపులో పెన్సిల్ దూరకపోతే మార్చేయండి. పైపు మరలు (థ్రెడ్లు) బిగించిన చోట కారితే అతుకు వేయొచ్చు. పైపు నడుమ సూదిబెజ్జం పడితే వేయొద్దు, పక్కన ఇంకోటి రాబోతోంది. గోడలో పాతది అలాగే వదిలేసి, నోళ్లు మూసి, సీపీవీసీ అనే ప్లాస్టిక్ పైపుని గోడ మీదుగా తీసుకెళ్లడమే నాకిష్టం. ఎండ తగిలే చోట నీళ్లలో కలిపే పెయింట్ పూయండి. మన రోహిణి కార్తెకి ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది.

అభ్యాసం: మూడు రాత్రులు మోటారు వేయకుండా, కుళాయిలన్నీ కట్టేసి, ట్యాంకులో నీటి మట్టం దగ్గర గీత పెట్టండి. తెల్లారి మట్టం దిగితే ఫ్లష్ ట్యాంకులో బట్టల నీలం కలిపి, గంటసేపు ఎవరూ వాడకుండా చూడండి. కమోడ్‌లోకి నీలం దిగకపోతేనే గోడల్ని అనుమానించండి.