చూపు లేని రన్నర్‌తో కలిసి పరుగు: తాడు, అడుగు, మాట

చూపు లేనివారు పరుగు మొదలుపెట్టడానికి పెద్ద సామానేమీ అక్కర్లేదు. కాలికి సరిపోయే బూట్లు, చిన్న తాడు ముక్క, పక్కన పరుగెత్తే మనిషి ఉంటే చాలు. ఈ మూడింటిలో ఎక్కువగా తేడా వచ్చేది మూడోదానితోనే. కొత్తగా గైడ్‌గా వచ్చినవారు చాలామంది రన్నర్‌ని వెంట తీసుకెళ్లడమే తమ పని అనుకుంటారు. కానీ ఎంత వేగం, ఎంత దూరం, ఎక్కడ ఆగాలి అన్నవి రన్నర్ ఇష్టం. ముందు ఏముందో సమయానికి చెప్పడమే గైడ్ పని.

తాడు

సాగని నూలు తాడు కావాలి. మందపాటి బూటు లేసు కూడా పనికొస్తుంది. 70 సెం.మీ. ముక్క తీసుకుని రెండు కొసలూ కలిపి గట్టిగా ముడి వేయండి. వచ్చిన చుట్టకు సరిగ్గా మధ్యలో ఇంకో ముడి వేస్తే ఇద్దరికీ చెరొక లూప్ తయారవుతుంది. బిగించి లాగి కొలిస్తే ఈ కొస నుంచి ఆ కొసకు 30 సెం.మీ. దాటకూడదు. అంతర్జాతీయ పారా అథ్లెటిక్స్ పోటీల్లోనూ అదే గరిష్ఠ పొడవు, సాగే తాడు అక్కడ కుదరదు. సాధనలో కూడా ఎలాస్టిక్ వద్దు. అది సాగడం వల్ల గైడ్ చెయ్యి పక్కకు జరిగిన సంగతి రన్నర్‌కి ఆలస్యంగా తెలుస్తుంది, తెలిసేటప్పుడు ఒక్క కుదుపుతో తెలుస్తుంది.

లూప్‌లో రెండు మూడు వేళ్లు పెట్టి పట్టుకోవాలి. మణికట్టుకు చుట్టుకుంటే ఒకరు పడినప్పుడు రెండోవారు కూడా పడతారు. తాడు పొడవైతే వదులుగా వేలాడుతుంది, అప్పుడు చేతికి ఏ సమాచారమూ అందదు, రన్నర్ మెల్లగా దూరం జరిగిపోతారు.

మొదటి రోజు

పరుగుకు ముందు కొన్ని విషయాలు అడిగి తెలుసుకోవాలి. ఏమైనా కనిపిస్తుందా, ఏ వైపు బాగా కనిపిస్తుంది? ఎండ కళ్లలో పడితే ఇబ్బందా? గైడ్ ఏ పక్కన ఉంటే నయం? పరుగులో ఎంత మాట్లాడాలి? కొద్దిపాటి చూపు ఉన్నవారు సాధారణంగా కనిపించని వైపు గైడ్‌ని ఉంచుకుంటారు గానీ ఆ మాట వాళ్ల నోటే రావాలి. రెటినైటిస్ పిగ్మెంటోసా (రెటీనా, అంటే కంటి వెనక పొర, మెల్లగా దెబ్బతినే వ్యాధి) ఉన్నవారికి మధ్యాహ్నం తెలిసిన దారే సందెవేళకు బొత్తిగా కనిపించకపోవచ్చు. చూపు మసకగా ఉన్నవారికి రోడ్డు మీద పడ్డ చెట్టు నీడ గొయ్యిలా అనిపించి అడుగు తడబడుతుంది. అక్కడ "నీడే" అని ఒక్క మాట అంటే చాలు. ఈమధ్య కంటి ఆపరేషన్ జరిగినా, రెటీనా ఊడే ప్రమాదం ఉందని ఎప్పుడైనా చెప్పినా, ముందు కంటి డాక్టరు అనుమతి తీసుకోవాలి.

మొదలుపెట్టే చోటికి నడిచేటప్పుడు చెయ్యి పట్టి లాగకండి. మీ మోచేయి అందించండి. రన్నర్ దాని పైభాగాన్ని పట్టుకుని అరడుగు వెనకగా వస్తారు.

ఖాళీ మైదానంలోనో ట్రాక్ మీదో తాడు పట్టుకుని 10 నిమిషాలు నడవండి. తర్వాత ఒక నిమిషం మెల్లని పరుగు, ఒక నిమిషం నడక చొప్పున 8 సార్లు చేస్తే మొదటి రోజుకు అది చాలు. వీలైతే గైడ్ కళ్లకు గంతలు కట్టుకుని, చూపున్న మరొకరితో తాడు పట్టుకుని 5 నిమిషాలు నడవాలి. తన మాటలు ఎంత ఆలస్యంగా వస్తున్నాయో ఆ 5 నిమిషాల్లో అర్థమైనంతగా ఏ పాఠం చెప్పినా అర్థం కాదు. గైడ్‌కి దమ్ము కూడా ఎక్కువే ఉండాలి. రన్నర్ వేగంలో పూర్తి వాక్యాలు మాట్లాడలేకపోతే ఆ జోడీ కుదరనట్టే.

అడుగు

గైడ్ ఎడమ పక్కన ఉన్నారనుకుందాం. గైడ్ కుడి చెయ్యి, రన్నర్ ఎడమ చెయ్యి తాడు మీద ఉంటాయి. ఈ రెండు చేతులూ ఒకేసారి ముందుకు, ఒకేసారి వెనక్కు ఊగాలి. అప్పుడు బయటి కాళ్లు రెండూ కలిసి ముందుకు పడతాయి, తర్వాత లోపలి కాళ్లు. అద్దంలో చూసుకున్నట్టు ఉంటుంది. లయ తప్పితే ప్రతి అడుగుకూ తాడు బిగుసుకుని భుజం నొప్పి పుడుతుంది. అడుగు మార్చుకోవలసింది గైడే. పొడవాటి గైడ్ అయితే తన అడుగు కుదించుకోవాలి. గైడ్ చెయ్యి ఊపకుండా బిగబట్టడం మామూలుగా కనిపించే మరో తప్పు. దానివల్ల రన్నర్ ఒంటి చేత్తో పరుగెత్తుతున్నట్టవుతుంది.

మాట

ఏముంది, ఎటు, ఎప్పుడు అన్న మూడూ మాటలో ఉండాలి. "మెట్టు" అని ఊరుకుంటే ఎక్కాలో దిగాలో తెలియదు. "ఎక్కే మెట్టు, మూడు, రెండు, ఒకటి, ఎక్కు" అనాలి. స్పీడ్ బ్రేకర్‌కి "ఎక్కు" తర్వాత "దిగు" కూడా చెప్పాలి. గతుకుల దారికి "కాళ్లెత్తు". మలుపుకు "ఎడమ మలుపు", కాస్త పక్కకు జరగడానికి "కొంచెం ఎడమ". ఈ రెండింటినీ కలిపేస్తే రన్నర్ అక్కర్లేనిచోట తిరిగిపోతారు.

అన్నిటికన్నా పనికిమాలిన మాట "జాగ్రత్త". ఏం చేయాలో చెప్పదు, కాళ్లు మాత్రం బిగుసుకుపోయేలా చేస్తుంది. నిజంగా ప్రమాదమైతే "ఆగు" అనండి, ఆ మాటను ఇంకెందుకూ వాడకండి. పెద్దవాళ్లతోనైనా పరుగులో "అండి" తగిలించే తీరిక ఉండదు కాబట్టి ముందే చెప్పి ఒప్పించుకోండి.

కి.మీ.కు 6 నిమిషాల వేగంలో సెకనుకు దాదాపు 2.8 మీటర్లు దాటిపోతారు. అంటే 3 సెకన్ల ముందు హెచ్చరించాలంటే అడ్డంకి ఇంకా 8 మీటర్ల దూరంలో ఉండగానే నోరు తెరవాలి. కాళ్ల దగ్గర చూస్తూ పరుగెత్తే గైడ్‌కి ఇది సాధ్యం కాదు. దారి బాగున్నప్పుడు "దారి చదునుగా ఉంది" అనీ చెప్పండి, లేకపోతే ఆ మౌనాన్ని రన్నర్ ఎలా అర్థం చేసుకోవాలి? కబుర్లు చెప్పుకోవచ్చు గానీ కూడలి వచ్చేముందు ఆపేయాలి. ఇద్దరికీ ఇయర్‌ఫోన్లు వద్దు.

కొత్త గైడ్లు వెడల్పు మరచిపోతారు. తాను పట్టే సందులో ఇద్దరూ పడతారనుకుంటారు. పక్కపక్కన పోవడానికి సుమారు 1.5 మీటర్లు కావాలి. అంతకన్నా ఇరుకైతే "ఇరుకు, నడుద్దాం" అని వేగం తగ్గించి, తాడు పట్టిన చేతిని వీపు వెనక్కి తీసుకుంటే రన్నర్ వెనకకు వస్తారు. గైడ్ పొట్టిగా ఉంటే తనకు తగలని కొమ్మ రన్నర్ ముఖానికి తగులుతుంది. అంచున్న టోపీ పెట్టుకుంటే కొమ్మ ముందు దానికే తగులుతుంది.

ట్రాక్, పోటీ

ట్రాక్ మీద వంపు మొదలైన చోటా ముగిసిన చోటా చెప్పాలి. ఇద్దరి మధ్య అర మీటరు దూరం ఉంటే బయటి వైపు ఉన్నవారు ఒక్కో చుట్టుకు సుమారు 3 మీటర్లు ఎక్కువ పరుగెత్తుతారు. రన్నర్ టైమ్ లెక్క వేసేటప్పుడు ఇది గుర్తుండాలి.

పారా అథ్లెటిక్స్‌లో చూపును బట్టి తరగతులు ఉంటాయి. చూపు దాదాపు బొత్తిగా లేని టి-11 తరగతివారు గైడ్‌తో పరుగెత్తాలి, చాలా పోటీల్లో కళ్లకు గంతలు కూడా కట్టుకోవాలి. కాస్త చూపున్న టి-12లో గైడ్ ఉండాలా వద్దా అన్నది రన్నర్ ఇష్టం. ఇంకొంచెం చూపున్న టి-13లో ఒంటరిగానే. గైడ్ లాగకూడదు, నెట్టకూడదు, ముగింపు గీతను రన్నర్ కన్నా ముందు దాటకూడదు. తాడు వదలకూడదన్న నియమం ఎంత కఠినమో 2024 పారిస్ పారాలింపిక్స్ మారథాన్‌లో తెలిసింది. స్పెయిన్ రన్నర్ ఎలెనా కోంగోస్ట్ మూడో స్థానంలో వస్తూ, కండరాలు పట్టేసిన తన గైడ్‌ను ఆదుకోవడానికి గీతకు కొన్ని మీటర్ల ముందు తాడు వదిలారు. ఆ రోజు ఆమెను అనర్హురాలిగా ప్రకటించారు. అందుకే సుదూర పరుగుల్లో గైడ్ కూడా రన్నర్ లాగే నీళ్లు, ఉప్పు చూసుకోవాలి.

గైడ్ దొరకని రోజు

ట్రెడ్‌మిల్ వాడుకోవచ్చు. సేఫ్టీ క్లిప్ బట్టలకు తగిలించాకే బెల్ట్ మీదకు ఎక్కాలి. ఆగిన బెల్ట్ మీద నిలబడి, రెయిలింగ్ పట్టుకుని, గంటకు 4 కి.మీ. లోపు వేగంతో మొదలుపెట్టండి. పరుగులో ఒక చేతి వేలు రెయిలింగ్‌కు ఆనీ ఆననట్టు ఉంటే పక్కకు జరగడం వెంటనే తెలుస్తుంది. టచ్ స్క్రీన్ ఉన్న మెషిన్లతోనే చిక్కు, బటన్లు చేతికి తగలవు. ఉబ్బెత్తు స్టిక్కరు ఒకటి స్టాప్ మీద, వేరే ఆకారంలో ఉన్నది స్టార్ట్ మీద అతికించమని జిమ్ వాళ్లని అడగండి. పరుగయ్యాక ఒళ్లు సాగదీసేటప్పుడు గ్లాకోమా (నీటికాసులు) ఉన్నవారు శీర్షాసనం లాంటి తలకిందుల భంగిమలు వేయకూడదు. తల కిందికి ఉన్నంతసేపూ కంటిలో ఒత్తిడి పెరుగుతుంది.