బెంగళూరులో తెలుగు నాటకాల సీజను: చిన్న బృందం చేసుకోవలసిన ఏర్పాట్లు

బెంగళూరులో ఒక చిన్న తెలుగు నాటక బృందం సీజను ప్రకటించదలచుకున్నప్పుడు ముందుగా తేల్చుకోవలసింది హాలు, తేదీలు. సాధారణంగా మనవాళ్లు నాటకం ఎంచుకుని, నటులను కుదుర్చుకుని, రిహార్సళ్లు సగమయ్యాక హాలు వెదకడం మొదలుపెడతారు. అప్పటికి శని, ఆదివారాలన్నీ వేరెవరో తీసుకుని ఉంటారు. జె.సి. రోడ్డులోని రవీంద్ర కళాక్షేత్రం పేరున్న వేదికే గాని, అంత పెద్ద హాలులో నూట యాభై మంది చెదురుమదురుగా కూర్చుంటే నటులకూ ప్రేక్షకులకూ వెలితిగానే ఉంటుంది. మొదటి సీజనుకు రెండు మూడు వందల సీట్లు చాలు. జె.పి. నగర్‌లో 2004లో ప్రారంభమైన రంగశంకర, వైట్‌ఫీల్డ్ వైపున్న జాగృతి వంటివి నాటకం కోసమే కట్టిన వేదికలు. వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితి వారి కృష్ణదేవరాయ కళామందిరం ఇక్కడి తెలుగువారికి ముందునుంచీ పరిచయమున్న చోటు. అద్దె ఎంతని అడిగి ఊరుకోకుండా, సెట్టు వేసుకోవడానికీ లైట్లు సరిచూసుకోవడానికీ ఎన్ని గంటలు ఇస్తారో, రాత్రి ఎన్నింటికి ఖాళీ చేయాలో రాతపూర్వకంగా తీసుకోవాలి.

తేదీల విషయంలో ఈ ఊరి నడక తెలిసి ఉండాలి. నవంబరు నెలంతా కన్నడ రాజ్యోత్సవ (కర్ణాటక అవతరణ) సభలతో హాళ్లకు గిరాకీ ఎక్కువ. సంక్రాంతికి తెలుగువారిలో చాలామంది సొంతూళ్లకు వెళ్లిపోతారు కనుక ఆ వారం ప్రదర్శన పెట్టడం వృథా. కళాక్షేత్రం వెనుకనున్న సంస బయలు రంగమందిరం వంటి ఆరుబయటి వేదిక మీద మనసుంటే, వానల కాలం దాటి డిసెంబరు, ఫిబ్రవరి మధ్య చూసుకోవడం మేలు.

సీజనుకు మూడు నాటకాలు చాలు. అయితే ప్రతి నాటకాన్నీ కనీసం రెండు సార్లు ప్రదర్శించాలని నా గట్టి అభిప్రాయం. నాటక పరిషత్తులు నడిపే పోటీల అలవాటు వల్ల మన దగ్గర ఎంతో శ్రమించి తయారుచేసిన నాటిక కూడా ఒక్క ప్రదర్శనతో మూలపడుతోంది, చూసినవారు నలుగురికి చెప్పేసరికి చూడడానికి మరో ప్రదర్శన ఉండదు. మూడింటిలో ఒకటి పాత సాంఘికం, ఒకటి పద్యనాటకం, ఒకటి కొత్త రచన అయితే పెద్దలకూ ఉద్యోగాలకై వచ్చిన యువతకూ చోటు దొరుకుతుంది. పాత సాంఘికంగా గురజాడ కన్యాశుల్కాన్ని ఎంచుకోవచ్చు. గురజాడ 1915లో మరణించారు. రచయిత మరణించాక అరవై ఏళ్లకు మన దేశంలో కాపీహక్కు ముగుస్తుంది కనుక కన్యాశుల్కానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. అయితే 1909 నాటి విస్తృత పాఠం ఒక సాయంత్రానికి ఇమిడేది కాదు, కుదింపు తప్పదు. మరొకరు కుదించిన ప్రతిని వాడుకుంటే మాత్రం వారి అనుమతి తీసుకోవాలి.

పద్యనాటకానికి ప్రత్యేక శ్రద్ధ అవసరం. రాయబారం ఘట్టంలో కృష్ణపాత్రధారి ఆలాపన అందుకున్నాడంటే, ఎదుటి నుంచి ‘వన్స్ మోర్’ వినిపించిందంటే, పది నిమిషాల సన్నివేశం ఇరవైకి పాకుతుంది. ఆ ఆనందాన్ని చంపకూడదు, హాలు వారి గడువునూ దాటకూడదు. కనుక ఏ పద్యానికి ఆలాపన ఎంతవరకో, ఏ పద్యాన్ని మళ్లీ పాడవచ్చునో నటుడూ హార్మోనిస్టూ దర్శకుడూ కూర్చుని రిహార్సల్లోనే ఒప్పందానికి రావాలి. హార్మోనియానికి మైకు దగ్గరగా పెడితే పద్యంలోని మాట మునిగిపోతుంది. చిన్న హాలులో దానికి మైకు లేకుండా ఒకసారి విని చూడండి: చివరి వరుసలో కూర్చున్నవారికి యతిస్థానం దగ్గర విరుపు కూడా స్పష్టంగా వినిపిస్తే అదే సరైన అమరిక.

ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్లల్లో మాట చక్కగా వచ్చి లిపి రానివారు చాలామంది ఉంటారు. వారికి సంభాషణలు కన్నడ లిపిలో రాసిచ్చి, ‘చ’, ‘జ’లను తెలుగులో దంత్యంగా, అంటే నాలుక పళ్లకు తాకేలా, పలికే చోట్ల గుర్తు పెట్టడం మంచిది. రిహార్సళ్లు వారాంతపు ఉదయాలలో పెట్టుకోవాలి. పనిరోజు సాయంత్రం ట్రాఫిక్కులో ఒకరు వచ్చేసరికి మరొకరు వెళ్లే వేళవుతుంది. ప్రదర్శనకు ముందు ఒక పూటను లైట్ల కోసమే కేటాయించి, వెలుగు ముఖం మీద సరిగా పడేచోట నేల మీద టేపు ముక్క అతికించి, నటుడు చూడకుండానే అక్కడికి చేరేదాకా నడిపించాలి.

టికెట్టు తప్పక పెట్టాలి. ఉచిత పాసులు పంచితే తీసుకున్నవారిలో సగం మంది కూడా రారు, వచ్చినవారు మధ్యలో లేచిపోవడానికి సంకోచించరు. నాటక ప్రదర్శనల టికెట్టు తలకు 500 రూపాయలు మించనంతవరకు జీఎస్టీ మినహాయింపు ఉంది కనుక రెండు మూడు వందల ధర అన్ని విధాలా సౌకర్యం. మూడు నాటకాలకూ కలిపి సీజను టికెట్టు కొన్నవారికి కొంత తగ్గించాలి. కరపత్రంలో కథాసారాన్ని కన్నడంలోనూ అచ్చువేస్తే, నాటకాభిమానం మెండుగా ఉన్న కన్నడ మిత్రులు కూడా వస్తారు.

ప్రకటించిన వేళకు తెర లేవాలి. రంగశంకరలో నాటకం మొదలయ్యాక ఎవరినీ లోపలికి పంపరు. వేరే హాలులోనైనా ఆ నియమాన్నే పాటిస్తామని టికెట్టు మీద పెద్ద అక్షరాలతో వేసి, ముఖ్య అతిథి రాకపోయినా మొదలుపెట్టాలి. సన్మానాలూ ప్రసంగాలూ ఉంటే నాటకం పూర్తయ్యాకనే జరపాలి.