వెండి నలుపు వదలాలన్నా, పులిహోర కట్టాలన్నా: అల్యూమినియం ఫాయిల్ సంగతులు

శ్రావణమాసం వస్తోందంటే వెండి కుందులు, పళ్లెం, కుంకుమ భరిణె బయటికి తీస్తాం, చూస్తే అన్నీ నల్లబడి ఉంటాయి. పౌడర్ వేసి గట్టిగా రుద్దకండి ప్లీజ్, రుద్దినప్పుడల్లా కొంచెం కొంచెం వెండి కూడా అరిగిపోతుంది. రోటీలు చుట్టే ఫాయిల్ ఉంటే చాలు.

ముందు నూనె జిడ్డు పోయేలా సబ్బుతో కడగండి. వెడల్పాటి గిన్నెలో ఫాయిల్ పరిచి, వస్తువులు దానికి తగిలేలా పెట్టండి, తగలకపోతే పని జరగదు. మెరిసే వైపు పైకా కిందకా అని చాలామంది అడుగుతారు, ఏదైనా ఒకటే, తయారీలో చివరిసారి రెండు షీట్లు కలిపి నొక్కుతారు, రోలర్ తగిలిన వైపు మెరుస్తుంది, రెండోది మసగ్గా ఉంటుంది, అంతే. ఇప్పుడు లీటరు మరిగిన నీళ్లకి ఒక పెద్ద స్పూన్ వంటసోడా, కొంచెం ఉప్పు లెక్కన వేసి మెల్లగా పోయండి, నురగ పొంగుతుంది జాగ్రత్త. కుళ్లిన గుడ్డు వాసన వస్తే కంగారు పడొద్దు, కిటికీ తీసి పెట్టుకోండి, నలుపు అంటే వెండికి పట్టిన సల్ఫర్, దాన్ని అల్యూమినియం వదిలిస్తుంది, వెండి మాత్రం వస్తువు మీదే ఉండిపోతుంది. కొన్ని నిమిషాలయ్యాక తీసి మంచి నీళ్లతో కడిగి మెత్తటి బట్టతో తుడిచేయండి. నలుపు బాగా ఎక్కువుంటే కొత్త ఫాయిల్, కొత్త నీళ్లతో ఇంకోసారి.

ముత్యాలు, రాళ్లు అతికించినవి, లోపల లక్క నింపినవి మాత్రం ఇందులో వేయకండి. యాంటిక్ ఫినిష్ నగలు కూడా వద్దు, డిజైన్ కోసం కావాలని పెట్టిన నలుపు కూడా పోతుంది.

ఇక తిండి విషయం. రోటీలు పొగలు కక్కుతుండగా చుడితే ఆవిరి లోపలే నీరై మెత్తబడిపోతాయి, ముందు కాటన్ గుడ్డలో పెట్టి పైన ఫాయిల్ చుట్టండి. పులిహోర, నిమ్మకాయ అన్నం, టమాటా పచ్చడి, ఆవకాయ లాంటివి మాత్రం నేరుగా ఫాయిల్ లో కట్టొద్దు, పులుపు ఉప్పు కలిసి అల్యూమినియాన్ని తినేస్తాయి, చిన్న చిన్న చిల్లులు పడి ఆ లోహం అన్నంలోకే వస్తుంది. రైలు ప్రయాణానికి పులిహోర కట్టాలంటే లోపల అరిటాకు వేసి పైన ఫాయిల్ చుట్టండి, హాయిగా ఉంటుంది. స్టీల్ గిన్నెలో పులుసు పెట్టి పైన ఫాయిల్ మూసినా అదే గొడవ, కూర తగిలిన చోట ఇంకా త్వరగా చిల్లులు పడతాయి, దానికి మామూలు మూతే నయం.

మైక్రోవేవ్ లో ఫాయిల్ పెట్టొద్దు, నిప్పురవ్వలు వస్తాయి. ఓవెన్ లో పర్లేదు, ఎందుకంటే అల్యూమినియం కరగాలంటే 660 డిగ్రీలు కావాలి, ఇంటి ఓవెన్ అంత వేడెక్కదు, కానీ అడుగున పరిచేయకండి, వేడి సరిగ్గా తిరగదు. గ్యాస్ స్టవ్ మీద నూనె పడకుండా వేసేవాళ్లు బర్నర్ కి గాలి వెళ్లే దారి మూయకుండా చూసుకోవాలి, మంట పాడైతే ప్రమాదం. ఇంకోటి చాలా ముఖ్యం, సింక్ పైపులు క్లీన్ చేసే కాస్టిక్ సోడా దగ్గరికి ఫాయిల్ ముక్క కూడా పోనివ్వొద్దు, రెండూ కలిస్తే బాగా వేడెక్కి మండే హైడ్రోజన్ గ్యాస్ వస్తుంది.

రిమోట్ లో బ్యాటరీ లూజుగా ఉంటే స్ప్రింగ్ దగ్గర చిన్న ముక్క మడిచి పెట్టండి, కొత్త రిమోట్ కొనేదాకా నడుస్తుంది. వాడేసిన ఫాయిల్ జిడ్డు లేకపోతే కడిగి, ఉండ చుట్టి పాత సామాన్ల వాళ్లకి ఇచ్చేయండి, కరిగించి మళ్లీ వాడొచ్చు.