స్పేసర్‌తో ఇన్హేలర్, మూడో పాఠం: మాస్క్ ఆనించడం, ఊపిర్లు లెక్కపెట్టడం

పోయిన పాఠంలో ఇన్హేలర్‌ మూత తీసి, బాగా కుదిపి, స్పేసర్ (ఇన్హేలర్‌కీ మాస్క్‌కీ మధ్య ఉండే ప్లాస్టిక్ గొట్టం) వెనక కన్నంలో బిగించడం దాకా వచ్చాం. మూత తీయడం మరిచిపోయి బలంగా తోసినవాళ్లు సిగ్గుపడక్కర్లేదు, అర్ధరాత్రి పిల్లలకి ఆయాసం వచ్చినప్పుడు అందరం ఆ పని చేసినవాళ్లమే.

ఈ పాఠమంతా మాస్క్ గురించే. దీన్లో నేర్చుకోడానికేముంది, మొహానికి పెట్టడమేగా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. మొదటి నెలంతా మా వాడు మాస్క్ తోసేస్తుంటే, పోనీలే అని మొహానికి వేలెడు దూరంలో పట్టుకుని పఫ్ (ఇన్హేలర్ ఒక్కసారి నొక్కితే వచ్చే మందు) కొట్టేసి "అయిపోయింది నాన్నా" అనేదాన్ని. మందు వేళకి పడుతూనే ఉంది, పిల్లికూతలు మాత్రం తగ్గేవి కాదు. డోసు పెంచమని అడగాలనుకున్నాను కూడా. ఒక సాయంత్రం కిటికీకి ఎదురుగా కూర్చుని పెడుతుంటే, వెలుతుర్లో వాడి చెంప పక్కనుంచి తెల్లటి పొగమంచు జారిపోవడం కనిపించింది. నెల రోజులుగా నేను మందు పెట్టింది వాడి చెంపకి!

అలా ఎందుకవుతుందో తెలిస్తే చెయ్యి దానంతటదే సరిగ్గా పడుతుంది. ఇన్హేలర్ నొక్కగానే మందు చాలా వేగంగా దూసుకొస్తుంది. నేరుగా నోట్లో కొడితే చాలావరకు గొంతు వెనక తగిలి అక్కడే ఉండిపోతుంది. స్పేసర్ ఆ వేగాన్ని తగ్గిస్తుంది. పెద్ద తుంపరలు గొట్టం గోడలకి అంటుకుంటాయి. 5 మైక్రాన్లకి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు ఉన్న సన్నటి తుంపరలు కాసేపు గాల్లో తేలుతుంటాయి. ఊపిరితిత్తుల లోపలి సన్న గొట్టాల దాకా వెళ్లగలిగేవి అవే. అయితే వాటంతట అవి వెళ్లవు, పిల్లలు ఊపిరితో లాగితేనే వెళ్తాయి. మాస్క్ పక్కన సందుందనుకోండి, గాలికి బద్ధకం ఎక్కువ, స్పేసర్‌లో ఉండే పల్చటి రేకుని తోసుకుని మందుతో కలిసి రావడం మానేసి సందులోంచి దర్జాగా వచ్చేస్తుంది. చిల్లుపడ్డ స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగినట్టే, ఎంత పీల్చినా గాలే వస్తుంది.

ముందు సైజు చూడండి. మాస్క్ పై అంచు ముక్కు దూలం మీద, కింది అంచు కింది పెదవికీ గడ్డానికీ మధ్యనుండే గుంటలో కూర్చోవాలి. కళ్లకి తగిలినా, గడ్డం దాటి కిందికి జారినా అది పెద్దదైనట్టే. పిల్లలు పెరుగుతారు కదా అని పెద్దది కొనడం చొక్కాలకి సరే, దీనికి పనికిరాదు.

ఇప్పుడు కూర్చునే తీరు. పిల్లల వీపు మీ ఛాతీకి ఆనేలా ఒళ్లో కూర్చోబెట్టుకోండి. ఆ బుల్లి చేతులు రెండింటినీ మీ ఎడమ ముంజేతి కింద ఉంచి, అదే చేత్తో మాస్క్‌ పట్టుకోండి. కుడిచెయ్యి ఇన్హేలర్ మీద ఉంటుంది. అంచు చుట్టూ సమంగా చర్మానికి ఆనాలి. తీశాక మొహం మీద లోతైన గీత పడిందంటే ఎక్కువ నొక్కారన్నమాట.

వరస కూడా ముఖ్యం. పఫ్ కొట్టి తర్వాత మాస్క్ పెట్టడం కాదు. ముందు మాస్క్ ఆనించాలి, వాల్వ్ కదులుతోందో లేదో చూడాలి, అప్పుడు నొక్కాలి. వాల్వ్ అంటే స్పేసర్‌లో మాస్క్ వైపు కనిపించే పల్చటి రేకు. ఊపిరి పీల్చినప్పుడల్లా తెరుచుకుని, వదిలినప్పుడు మూసుకుంటుంది. మాస్క్ పెట్టాక అది కదలకుండా ఉందంటే ఎక్కడో సందుంది, లేదా పిల్లలు ఊపిరి బిగబట్టారు. సందుంటే సర్దండి, బిగబడితే ఆగండి. ఎంతసేపని బిగబడతారు!

రేకు కదలడం చూశాక ఒక్క పఫ్ నొక్కండి. ఇక లెక్క మొదలు. సెకన్లు కాదు, ఊపిర్లు లెక్కపెట్టాలి. రేకు ఐదారు సార్లు తెరుచుకుని మూసుకునేదాకా మాస్క్ కదపొద్దు. నెలల పిల్లలు తీసే ఊపిరి చిన్నది కాబట్టి పది దాకా లెక్కపెట్టండి. కొన్ని స్పేసర్లలో రేకు కనపడదు, అప్పుడు పొట్ట ఎగసిపడడం చూడండి. డాక్టర్ రెండో పఫ్ కూడా రాసుంటే మాస్క్ తీసి, అర నిమిషం నుంచి నిమిషం ఆగి, ఇన్హేలర్ మళ్లీ కుదిపి, మళ్లీ మొదట్నుంచీ చేయాలి. టైం కలిసొస్తుందని రెండూ ఒకేసారి కొడితే తుంపరలు ఒకదానికొకటి అంటుకుని బరువెక్కి గోడలకే పోతాయి.

ఏడుపు సంగతి. "ఏడిస్తే ఊపిరి గట్టిగా పీలుస్తారు, మందు బాగా పడుతుంది" అని పెద్దవాళ్లు చెప్తుంటారు. అది తప్పు. ఏడుపంటే పొడుగ్గా ఊపిరి వదలడం, మధ్యలో ఒక్కసారి గబుక్కున ఎగపీల్చడం. అలా ఎగపీల్చిన మందు చాలావరకు గొంతుకి తగిలి పొట్టలోకి పోతుంది. మాస్క్ కూడా కదిలిపోతుంది. కాసేపు ఊరుకోబెట్టి పెట్టండి. నిద్రలో పెట్టేద్దాం అన్న ఆలోచన వినడానికి బాగుంటుంది గానీ, మాస్క్ చల్లగా తగలగానే ఉలిక్కిపడి లేస్తారు, తర్వాత దాన్ని చూస్తేనే గోల మొదలవుతుంది.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. డొక్కలు లోపలికి పోతూ, పాలు తాగలేక, మాట్లాడలేక ఉన్నా, పెదవులు నీలంగా మారుతున్నా ఏడుపు ఆగేదాకా ఎదురుచూడొద్దు. డాక్టర్ రాసిచ్చినట్టు ఆయాసం తగ్గించే ఇన్హేలర్ వెంటనే పెడుతూ ఆస్పత్రికి బయల్దేరండి.

రోజూ వాడే స్టెరాయిడ్ ఇన్హేలర్ అయితే, పెట్టాక మాస్క్ ఆనిన చోట తడిగుడ్డతో తుడిచి, నోరు పుక్కిలించమనండి. పుక్కిలించడం రాని పిల్లలకి నోరు లోపల తడిగుడ్డతో తుడవచ్చు. ఇలా పుక్కిలించడం, తుడవడం మానేస్తే నాలుక మీద, బుగ్గల లోపల తెల్లటి పూత రావచ్చు.

వచ్చే పాఠం దాకా మీ హోంవర్క్ ఇది. డాక్టర్ రాసిన మందు యథాప్రకారం నడవనివ్వండి. అది కాక రోజుకి రెండుసార్లు, ఇన్హేలర్ తగిలించకుండా ఉత్త స్పేసర్‌తో ఆట ఆడండి. ముందు బొమ్మకి, తర్వాత మీకు, ఆఖర్న పిల్లలకి. మాస్క్ వాళ్ల చేతికే ఇచ్చి పెట్టుకోమనండి. రేకు ఆరుసార్లు కదలగానే చప్పట్లు కొట్టండి. మా వాడు మూడో రోజుకి రేకు టపటపలాడ్డం కోసం తనే మాస్క్ అడిగాడు.

స్పేసర్ కొత్తగా కొన్నవాళ్లకి ఇంకో పని ఉంది. కొత్త ప్లాస్టిక్‌లో స్టాటిక్ కరెంటు ఉంటుంది, దువ్వెనకి కాగితం ముక్కలు అంటుకున్నట్టు మందు గోడలకి అంటుకుపోతుంది. గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కలు గిన్నెలు తోమే సబ్బు కలిపి స్పేసర్ ముంచి తీయండి. గొట్టం లోపల గుడ్డ పెట్టొద్దు, రుద్దితే ఆ కరెంటు మళ్లీ పుడుతుంది. నిలబెట్టి రాత్రంతా ఆరనివ్వండి. మాస్క్‌కి అంటిన సబ్బు మాత్రం మంచినీళ్లతో కడిగేయండి, అది మొహానికి తగిలేది కదా. వచ్చే పాఠంలో ఇన్హేలర్‌లో ఇంకా మందుందో లేదో కనిపెట్టడం చూద్దాం. డబ్బాని నీళ్లలో తేల్చి చూసే అలవాటున్నవాళ్లు ఈలోపు ఆ పని ఆపేయండి, దాంతో సరిగ్గా తెలీదు.