పిల్లోడి ఆట చూసి కాలేజీలు ఇంటికొస్తే: అనంతపురం తల్లిదండ్రులు ఏం అడగాలి

టెన్త్ రిజల్ట్స్ రాగానే కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు ఇంటింటికీ తిరగడం మనకు అలవాటే. ఫుట్‌బాల్ బాగా ఆడే పిల్లలున్న ఇళ్లకు ఇంటర్ అయ్యే టైంకి ఇంకో బ్యాచ్ వస్తుంది, కాలేజీ పీడీలు (ఫిజికల్ డైరెక్టర్లు), కోచ్‌లు. ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) పుణ్యమా అని పల్లెల పిల్లలు కూడా చిన్నప్పటి నుంచే ఆడుతుంటారు కాబట్టి ఇక్కడ తయారైన ఆటగాళ్లు దొరుకుతారని బయటివాళ్లకూ తెలుసు. "మీ వాడిని మాకు వదిలేయన్నా, సీటు ఫ్రీ, హాస్టల్ ఫ్రీ, అంతా మేం చూసుకుంటాం" అంటారు. సంతోషమే, కాఫీ ఇచ్చి కూర్చోబెట్టండి. మాట మాత్రం అప్పుడే ఇవ్వొద్దు.

అన్నిటికంటే ముందు అడగాల్సింది ఫీజు గురించి కాదు, మావాడు ఏ యూనివర్సిటీ తరఫున ఆడతాడు అని. ఇది చాలామంది అడగరు. మన డిగ్రీ కాలేజీలు ఎస్కేయూ (శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ) కింద ఉంటాయి, కడప వైపు యోగి వేమన, కర్నూలు వైపు రాయలసీమ యూనివర్సిటీ. ముందు ఇంటర్ కాలేజియేట్ టోర్నీ జరుగుతుంది, అందులో బాగా ఆడినవాళ్లను యూనివర్సిటీ టీమ్‌కి తీసుకుంటారు, ఆ టీమ్ సౌత్ జోన్‌కి వెళ్తుంది, అక్కడ గట్టెక్కితే ఆలిండియాకి. సెంట్రల్ గవర్నమెంట్ స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలకు అడిగే ఫారం-3 అనేది యూనివర్సిటీ తరఫున ఇంటర్ యూనివర్సిటీ టోర్నీలో ఆడినవాళ్లకే వస్తుంది. కాలేజీకి పది కప్పులు తెచ్చిపెట్టినా అవి ప్రిన్సిపాల్ రూమ్ అద్దాల బీరువాకే పనికొస్తాయి గానీ ఈ ఫారంకి పనికిరావు. బెంగళూరులోనో చెన్నైలోనో పెద్ద ప్రైవేటు యూనివర్సిటీ పిలిస్తే ఎగిరి గంతేసే ముందు, వాళ్లు కేరళ నుంచి, మణిపూర్ నుంచి కూడా పిల్లల్ని తెస్తుంటే మనవాడి పొజిషన్‌లో ఇప్పటికే ఎంతమంది ఉన్నారో అడగండి. లెఫ్ట్ బ్యాక్‌లు ముగ్గురున్న చోట నాలుగోవాడిగా చేరి మూడేళ్లు సబ్‌స్టిట్యూట్‌గా బిబ్ వేసుకుని బెంచీ మీద కూర్చోవడం కంటే ఎస్కేయూ కింద ఏదో ఒక కాలేజీలో చేరి ప్రతి మ్యాచూ ఆడటమే మేలని నా అభిప్రాయం.

ఇక ఆ ఫ్రీ సంగతి. ట్యూషన్ ఫీజు ఒక్కటేనా, పరీక్ష ఫీజు, మెస్, బూట్లు, టోర్నీకి వెళ్లేటప్పుడు బస్సు ఛార్జీలు కూడానా అని ఒక్కొక్కటీ విడివిడిగా అడగాలి. మూడేళ్లకా, ఏడాదికా? మోకాలు పోతే ఏంటి? ఈ ప్రశ్న వేసి పీడీ సార్ ముఖం చూడండి, సగం జవాబు అక్కడే దొరుకుతుంది. మోకాలి లోపలి ఏసీఎల్ లిగమెంట్ తెగి ఆపరేషన్ అయితే మళ్లీ మ్యాచ్ ఆడటానికి తొమ్మిది నెలలు, ఒక్కోసారి ఏడాది పడుతుంది. ఆ మధ్యలో వచ్చే సెమిస్టర్ ఫీజు ఎవరు కడతారో ముందే తేలాలి. చెప్పినవన్నీ కాలేజీ లెటర్‌హెడ్ మీద, ప్రిన్సిపాల్ సంతకంతో తీసుకోండి. పీడీ వాట్సాప్‌లో పెట్టిన వాయిస్ మెసేజ్ చెల్లదు, ఆయన వచ్చే ఏడాది ఇంకో కాలేజీలో ఉండొచ్చు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర వదిలి రావద్దు. చూసి వెరిఫై చేసుకుని వెనక్కి ఇచ్చేయాలని 2018లోనే యూజీసీ చెప్పింది. ఒరిజినల్స్ లోపల ఉంటే పిల్లోడు కాలేజీ మారాలన్నా మారలేడు.

చెప్పాపెట్టకుండా ఒకసారి పొద్దున్నే ఆరుకల్లా ఆ కాలేజీ గ్రౌండ్‌కి వెళ్లండి. బ్రోచర్‌లో పచ్చగా కనిపించిన గ్రౌండ్‌లో కంకర తేలి ఉందా, గోల్ పోస్టులకు నెట్ ఉందా, అసలు ఆ టైంకి టీమ్ వచ్చిందా, వస్తే కోచ్ వచ్చాడా, లేక సీనియర్ ఒకడు విజిల్ వేసి నాలుగు రౌండ్లు కొట్టించి పంపించేస్తున్నాడా? ప్రాక్టీస్ అయ్యాక కోచ్ లేనప్పుడు సెకండియర్ పిల్లలకు టీ ఇప్పించి మాట్లాడండి. కోటాలో చేరి మధ్యలో మానేసినవాళ్లు ఎందుకు మానేశారో వాళ్లే చెబుతారు. మెస్‌లో గుడ్డు రోజూ పెడతారా, ఇన్‌స్పెక్షన్ రోజే పెడతారా అన్నది కూడా.

కోర్సు విషయంలో మొహమాటపడొద్దు. ఎవరూ చేరని గ్రూపులో సీటిచ్చి ఫ్రీ అంటారు. మీవాడికి కావాల్సిన గ్రూపు ఇస్తారా, టోర్నీకి వెళ్లిన రోజులకు అటెండెన్స్ వేస్తారా, ఇంటర్నల్స్ మిస్సయితే మళ్లీ పెడతారా అని అడగండి.

అమ్మాయిలైతే ఇంకో రెండు. అమ్మాయిల టీమ్ నిజంగా ఉందా, లేక ఎంట్రీ కోసం టోర్నీకి ముందురోజు కబడ్డీ అమ్మాయిల్ని కలిపేస్తారా? బయటి ఊళ్లకు వెళ్లేటప్పుడు తోడు ఎవరు? లేడీ పీడీ గానీ మేడమ్ ఎవరైనా గానీ రారంటే ఆ కాలేజీ వద్దు.

మనవైపు కాగితాలు కూడా సిద్ధంగా ఉండాలి. బర్త్ సర్టిఫికెట్, టెన్త్ మెమో, ఆధార్ మూడింట్లోనూ పేరు స్పెల్లింగ్, పుట్టిన తేదీ ఒకటే ఉన్నాయా చూసుకోండి, తేడా ఉంటే సెలక్షన్ దగ్గరే ఆపేస్తారు. స్కూల్ గేమ్స్ సర్టిఫికెట్లు, ఏఐఎఫ్ఎఫ్ (ఆలిండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్) ఆటగాళ్ల రిజిస్ట్రేషన్ నంబరు, అంటే సీఆర్ఎస్ ఐడీ ఉంటే అదీ ఒకే ఫైల్లో పెట్టండి. వీడియో అడిగితే పాట పెట్టి కట్ చేసిన గోల్స్ రీల్ పంపొద్దు, ఒక మ్యాచ్ మొత్తం పంపండి. బంతి లేనప్పుడు ఎక్కడ నిలబడతాడో చూడాలని కోచ్‌లు అనుకుంటారు.

రెండు కాలేజీలు ఒకేసారి వెంటపడితే ఇద్దరికీ ఆ సంగతి చెప్పేయండి, దాచక్కర్లేదు. అడ్వాన్స్ అని ఎవరైనా చేతిలో డబ్బు పెట్టబోతే మాత్రం తీసుకోవద్దు. "ఈరోజే లాస్ట్ అన్నా, రేపు సీటు ఉండదు" అంటే కాలేజీ ఆఫీస్‌కి మీరే ఫోన్ చేసి అడ్మిషన్ల చివరి తేదీ కనుక్కోండి.