వేసవి సెలవుల్లో అంగ్‌కోర్ వాట్ వెళ్తున్నారా? పదకొండుకల్లా గదికి వచ్చేయండి

2025 మే 16 సాయంత్రం కంబోడియాలోని అంగ్‌కోర్ వాట్ గుడిలో పిడుగు పడి ముగ్గురు చనిపోయారు, ఇంకొందరు గాయపడ్డారు. వాన ముంచుకొస్తుంటే గుడి దగ్గర తలదాచుకున్నవాళ్లు వాళ్లు. ఆ వార్త తలచుకున్నప్పుడల్లా నాకు మన పిల్లల సెలవులే గుర్తొస్తాయి. మనకు తీరిక దొరికేది ఏప్రిల్ చివర, మే నెలలో. కంబోడియాలో ఎండలు ముదిరేదీ, సాయంత్రం ఉరుముల వానలు మొదలయ్యేదీ సరిగ్గా అప్పుడే.

చుట్టాలను, స్నేహితుల కుటుంబాలను వెంటబెట్టుకుని నాలుగుసార్లు ఆ గుళ్లకు వెళ్లాను. వీసా, హోటల్, సిమ్ కార్డు సంగతులు ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది ఒక మాట గురించి: "ఎలాగూ ఇంత దూరం వచ్చాం, ఇంకొక్క గుడి చూసేసి వెళ్దాం." మనవాళ్లను పడగొట్టింది ఎక్కువసార్లు ఈ మాటే.

ఒక్క రోజు టూర్ ఎలా నడుస్తుందో చూడండి. తెల్లవారుజామున నాలుగున్నరకు హోటల్ ముందు వ్యాన్ ఎక్కుతారు. సూర్యోదయం, అంగ్‌కోర్ వాట్, ఆ చుట్టుపక్కలే ఉన్న బయాన్, తా ప్రోమ్ గుళ్లు, చివరికి బఖెంగ్ గుట్ట మీద సూర్యాస్తమయం. పధ్నాలుగు గంటలు. టికెట్ 37 డాలర్లు పెట్టి కొన్నాం కాబట్టి మధ్యాహ్నం ఎవరూ ఆగరు.

మా బాబాయి కూడా ఆగలేదు. అప్పటికి ఆయనకు 64 ఏళ్లు, షుగర్ ఉంది. నాలుగింటికి మాత్ర వేసుకుని ఏమీ తినకుండా బయల్దేరారు. పన్నెండున్నరకు తా కేవ్ ముందు నిలబడ్డాం. అది నిటారు మెట్ల గుడి, పైన ఎక్కడా చెట్టు నీడ లేదు. ఆయన వద్దంటే "ఇంకొక్కటే కదా బాబాయ్" అన్నది నేనే. సగం మెట్లు ఎక్కి కూలబడిపోయారు. రెండు రాత్రులు ఐసీయూలో ఉంచారు. బతికి బయటపడ్డారు కాబట్టి ఇప్పుడు ఇది రాయగలుగుతున్నాను.

టికెట్

ఒక్క రోజు టికెట్ కొనకండి. మూడు రోజుల టికెట్ 62 డాలర్లు, పది రోజుల్లో ఏ మూడు రోజులైనా వాడుకోవచ్చు. ఆ 25 డాలర్ల తేడాతో మీరు కొనుక్కుంటున్నది మధ్యాహ్నం నిద్ర. రేపు మళ్లీ రావచ్చని తెలిస్తేనే మనిషి ఈ రోజుకు ఆపగలడు.

గైడు

ముందు రోజే స్పష్టంగా చెప్పండి: ఐదింటికి మొదలు, పదకొండుకల్లా గది, మళ్లీ మూడున్నర తర్వాత, అదీ మబ్బు లేకపోతేనే. నేను చూసిన గైడ్లు మర్యాదస్తులు. మీరు ఇంకొక్కటి అంటే కాదనరు, తీసుకెళ్తారు. ఆపాల్సింది మీరే.

ఎండ, నడక

అంగ్‌కోర్ వాట్ కందకం దాటడానికే దాదాపు 190 మీటర్లు. లోపలి ద్వారం నుంచి గుడి దాకా ఇంకో 350 మీటర్ల రాతి బాట, నీడ లేదు. వచ్చేటప్పుడు ఆ దూరమంతా కాలిన రాయి మీద మళ్లీ నడవాలని లెక్క వేసుకోండి.

గుడి పడమటి ముఖంగా ఉంటుంది కాబట్టి పొద్దున పడమటి మండపాలు నీడలో ఉంటాయి. ఒక పక్క కురుక్షేత్రం, ఇంకో పక్క లంకా యుద్ధం, గోడ పొడవునా చెక్కి ఉన్నాయి. అంపశయ్య మీద భీష్ముణ్ణి గుర్తుపట్టి మా పిన్ని కళ్లనీళ్లు పెట్టుకుంది. పెద్దవాళ్లను ఇక్కడి నుంచి తొందరపెట్టి లేపకండి. నాలుగు గుళ్లు పరిగెత్తి చూసేకంటే ఈ గోడల దగ్గర గంటసేపు ఉండటం మేలు. తూర్పు వైపున 49 మీటర్ల క్షీరసాగర మథనం కూడా ఉంది. మొదటి రోజుకు అది చాలు.

మెట్లు

పై అంతస్తు బకాన్‌కు వెళ్లే మెట్లు చాలా నిటారుగా ఉంటాయి. 12 ఏళ్లలోపు పిల్లల్ని ఎక్కనివ్వరు. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. బౌద్ధుల పర్వదినాల్లో మూసేస్తారు. మోకాళ్ల నొప్పులుంటే ఎక్కకండి. ఎక్కడం కాదు, దిగడం కష్టం.

ఇక మిగతావి వరసగా:

- ఖాళీ కడుపుతో సూర్యోదయానికి వెళ్లొద్దు. టిఫిన్ పొట్లం ముందు రాత్రే హోటల్లో అడగండి. షుగర్ మాత్రల వేళలు ఇంటి దగ్గరే డాక్టర్‌తో మాట్లాడుకుని రండి.
- దాహం వేసేదాకా ఆగకండి. ఓఆర్‌ఎస్ పొట్లాలు ఇక్కడి నుంచే తీసుకెళ్లండి.
- మాట తడబడినా, మనిషి తికమకపడినా అది వడదెబ్బే అనుకోండి. నీడకు చేర్చండి, బట్టలు తడపండి, విసరండి, ఆస్పత్రికి తీసుకెళ్లండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు.
- అప్పుడు కూడా "కాసేపు కూర్చుంటే తగ్గుతుంది, ఇంకొక్కటి చూద్దాం" అనొద్దు.
- ఉరుము వినిపిస్తే బయటికి నడిచి కారు లేదా వ్యాన్ ఎక్కి అద్దాలు మూసుకోండి. టుక్‌టుక్ పనికిరాదు, చుట్టూ తెరిచి ఉంటుంది. చెట్టు కిందికి వెళ్లొద్దు. రాతి గోపురం కింద, గుమ్మంలో, తడిసిన గోడకు ఆనుకుని నిలబడొద్దు. అంగ్‌కోర్ వాట్ నడి గోపురం 65 మీటర్ల ఎత్తు.
- చివరి ఉరుము తర్వాత అరగంట ఆగండి.
- కోతులకు ఏమీ పెట్టొద్దు. చేతిలో తినుబండారం కనిపించనివ్వొద్దు. కరిచినా, గీరినా సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు రేబిస్ టీకా వేయించండి.
- దూరపు గుళ్ల దగ్గర, కులేన్ కొండల్లో గుర్తులు పెట్టిన బాట వదిలి పక్కకు దిగొద్దు. మూత్రానికి కూడా. యుద్ధకాలం నాటి మందుపాతరలు కంబోడియాలో ఇంకా ఉన్నాయి.
- ప్రీహ్ విహార్ గుడి థాయ్‌లాండ్ సరిహద్దు మీద ఉంది. 2025 జూలైలో, మళ్లీ డిసెంబరులో ఆ సరిహద్దు పొడవునా కాల్పులు జరిగాయి. ఎవరు తక్కువ ధరకు తీసుకెళ్తామన్నా వెళ్లొద్దు.
- పిల్లల్ని పడిపోయిన రాళ్ల మీద ఎక్కించి ఫొటోలు తీయొద్దు.
- పదకొండు దాటిందా? వ్యాన్ ఎక్కండి. ఇంకొక్క గుడి వద్దు.
- బఖెంగ్ గుట్ట పైన ఒకేసారి 300 మందినే ఉంచుతారు, లైను పెద్దది. గంట నిలబడ్డాక ఉరిమినా సరే, లైను వదిలి దిగిపోండి. మీ టికెట్‌కు రేపు కూడా ఉంది.