భూమి పంచుకునే రోజు కొలత మాట తెగాలంటే

మా అమ్మ పుట్టిల్లు తెలంగాణలో మధిర పక్క ఊరు. పిన్నిని ఇచ్చింది ఆంధ్రలో నందిగామ వైపు. తాత పొలం పంచుకుందామని కూర్చున్న రోజు ఆయన చేతిరాత కాగితంలో ‘2.20’ అని ఉంది. మామయ్య రెండెకరాల ఇరవై గుంటలన్నాడు, అంటే రెండున్నర ఎకరాలు. బాబాయ్ తన ఊరి అలవాటు కొద్దీ రెండెకరాల ఇరవై సెంట్లుగా చదివాడు. తేడా 30 సెంట్లు, 1,452 గజాలు. పూటంతా మాటలు పెరిగి పిన్ని పెళ్లి ఖర్చుల దాకా పోయాయి. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఆ తర్వాత ఇలాంటి చాలా పంపకాల దగ్గర టేపు పట్టుకుని కూర్చున్నాను. నేను పాటించే పద్ధతి ఇది.

ముందు అంకె పక్కన కొలత పేరు రాయించండి. ‘2.20’ అని ఉత్త అంకె రాస్తే ఒప్పుకోవద్దు, ‘2 ఎకరాల 20 గుంటలు’ అనే ఉండాలి. ఎకరానికి తెలంగాణలో 40 గుంటలు, ఆంధ్రలో 100 సెంట్లు అని అప్పుడే పైకి చెప్పండి.

ఆ తర్వాత అందరి లెక్కలూ చదరపు మీటర్లలోకి తెండి. ఎకరం 4,046.86 చదరపు మీటర్లు. గుంట 101.17, సెంటు 40.47, చదరపు గజం 0.8361. హెక్టారు 10,000 చదరపు మీటర్లు, దాదాపు 2.47 ఎకరాలు. మా తాత పొలం గుంటల్లో అయితే 10,117, సెంట్లలో అయితే 8,903. ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి ఉంటే గొడవ ఎక్కడుందో అందరికీ కనబడేది. దశాంశాలు చివరిదాకా వదలకండి. గజానికి 0.84 అని సరిపెట్టుకుంటే ఎకరం మీద దాదాపు 19 చదరపు మీటర్లు ఎక్కువ తేలుతుంది. ఇంకో సంగతి: ‘పది మీటర్ల చదరం’ అంటే వంద చదరపు మీటర్లు, పది కాదు. మాటల్లో ఇది తరచూ తప్పుతుంది.

పెద్దవాళ్లు గుంటలంటే ‘ఇంకా గుంటలేమిటి’ అనకండి. దేశంలో మెట్రిక్ కొలతలు 1958 అక్టోబరు 1 నుంచి మొదలైనా పొలం లెక్క భూమి కొలిచే గొలుసు దగ్గరే ఆగిపోయింది. 66 అడుగుల గొలుసులో సగం, అంటే 33 అడుగుల చదరమే గుంట. వాళ్ల చిన్నప్పుడు కళ్లముందు కొలిచింది అదే. “మీ లెక్కలో ఎంత మామయ్యా?” అని అడిగి, ఆయన చెప్పింది ఆయన మాటల్లోనే రాసి, పక్కన మీటర్లు వేయండి. తప్పు దొరికితే కాగితం చూపించండి, మనిషిని కాదు.

కొలత తేలకముందే రేటు, దారి, పాత బాకీలు వస్తాయి. వద్దనకండి, విననట్టు ఊరుకోకండి. వేరే కాగితం మీద వాళ్లముందే రాసుకుని, “ఇది తేలగానే మొదట మీదే మాట్లాడదాం బాబాయ్” అని చెప్పి, అలాగే చేయండి. రేటు ముందే వస్తే చిక్కు ఎక్కువ. గజం పదివేలు అంటే చదరపు మీటరు దాదాపు 11,960 రూపాయలు. మీటరు రేటు విన్నవాడు ధర పెంచారని అనుకుంటాడు.

చివర్లో తేలిన విస్తీర్ణం చదరపు మీటర్లలో గట్టిగా చదవండి. వెంటనే మామయ్యకు గుంటల్లో, బాబాయ్‌కు సెంట్లలో మళ్లీ చెప్పండి. మూడు అంకెలూ ఒకే కాగితం మీద రాసి అందరి సంతకాలూ తీసుకోండి. అప్పుడు ఆ రెండో కాగితం తెరవండి.